మురుగు కాలువకు దిగువన

మిఠాయి కొట్టువాడు లడ్డూలు పెట్టి ఇచ్చే అట్టపెట్టె వరిగడ్డితో తయారవుతుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గడ్డిని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, నలగ్గొట్టి, పలచగా పరిచి ఆరబెడితే అట్ట అవుతుంది. ఉడకబెట్టిన నీళ్లు మిగిలిపోతాయి. ఆ మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయో చూడడానికే నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

నాది పల్నాడు వైపు మెట్ట ఊరు. బడి మొహం చూసినవాణ్ణి కాను. పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటూ, బస్తాల మీద అచ్చుకొట్టిన అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. అందువల్లనో ఏమో, అచ్చయిన కాగితం ఏది దొరికినా చివరిదాకా చదవనిదే వదలను. తెనాలి దగ్గర పెట్టిన ఒక గడ్డి అట్టల ఫ్యాక్టరీలో నాకు అయిదు వాటాలున్నాయి. కంపెనీ పేరు ఇక్కడ రాయను. తిట్టడానికి వెళ్లలేదు, చూడడానికి వెళ్లాను. వాళ్లు ఏటా పంపే నివేదికను ఆసాంతం చదివే వాటాదారు జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణేనని నా అనుమానం.

ఈసారి నివేదికలో లాభనష్టాలయ్యాక ‘సంఘసేవ’ అని కొత్తగా ఒక పేజీ పెట్టారు. అందులో రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. రేపల్లె అవతలి గ్రామముల సౌకర్యార్థము బస్సు షెల్టరు కట్టించితిమి అన్నది ఒకటి. ఫ్యాక్టరీలో వాడిన నీటిని పంట కాలువలోనికి చుక్కయినను వదలక మురుగు కాలువలోనికే పంపుచున్నాము అన్నది రెండోది. కొన్న గడ్డి ఎంతో, అమ్మిన అట్టలెన్నో పేజీలకు పేజీలు రాసినవాళ్లు నీళ్ల సంగతి ఒక్క ముక్కలో ముగించారు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే పత్తి మిల్లు రోజులు నాకు బాగా గుర్తు. ఆ యజమాని ఊళ్లో సత్రం కట్టించాడు. మిల్లు దుమ్ము మా పేట బావి మీద మీగడలా తేలేది. గుడ్డలో వడపోసి తాగేవాళ్లం. సత్రం గోడ మీద ఆయన పేరు ఇప్పటికీ ఉంది. బావి సంగతి ఎక్కడా రాసిలేదు. కంపెనీ అన్నాక చేసిన మేలుతో పాటు చేస్తున్న కీడు కూడా చెప్పాలి. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే సైజు అక్షరాల్లో చెప్పాలి.

వాటాదార్ల సమావేశం ఆదివారం బాపట్లలో. నేను బుధవారమే బయల్దేరాను.

తెనాలి

గురువారం పొద్దున్నే రైలు దిగి, స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ తిన్నాను. పావలాకి కడుపు నిండింది. అల్లం పచ్చడి మూడుసార్లు అడిగినా విసుక్కోకుండా వేశారు. మా వైపు హోటళ్లలో పచ్చడి రెండోసారి అడిగితే మనిషిని ఎగాదిగా చూస్తారు.

కంపెనీ ఆఫీసులో మేనేజరు మర్యాదస్తుడు. మద్రాసులో చదువుకున్న తెలుగాయన.

“ఏంటండీ, అంత దూరం నుంచి ఇక్కడికొచ్చారు? మీటింగు బాపట్లలో కదండీ!”

“తెలుసు బాబూ. నీళ్లు చూద్దామని వచ్చాను.”

“ఒరేయ్, తాతగారికి మంచినీళ్లు!” అని బంట్రోతును కేకేశాడు.

“తాగే నీళ్లు కాదు. మీరు వదిలే నీళ్లు.”

ఆయన నవ్వాడు గాని తప్పించుకోలేదు. సైకిలు రిక్షా పిలిపించి నన్ను ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. వెనకవైపు పెద్ద పెద్ద గుంటల్లో టీ డికాక్షను రంగు నీళ్లు నిలవున్నాయి. కుళ్లిన గడ్డి, సున్నం కలిసిన వాసన. గుంటల చివర తలుపు, తలుపు అవతల కాలువ.

“ఇది మురుగు కాలవేనండి. పంట కాలవలో వదలమని ఎంతమంది చెప్పారో! నేను ససేమిరా అన్నాను. మురుగులో మురుగు కలిస్తే ఎవరికి నష్టం చెప్పండి?” అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. నాకూ సబబుగానే తోచింది. మా ఊళ్లో మురుగు కాలువంటే ఇళ్ల వెనక పారే వాడకం నీళ్లు. అందులో ఏది కలిస్తే మాత్రమేం! అక్కడితో వెనక్కి తిరిగేవాణ్ణే. కాని బస్సు షెల్టరు చూడడం మిగిలిపోయింది.

రేపల్లె రైల్లో

తెనాలి నుంచి రేపల్లెకు పోయే చిన్న లైను రైలు తొందరపడదు. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా నీళ్లు. పంట కాలువ, దాని పక్కన పిల్ల కాలువ, దాని కింద ఇంకో కాలువ. ఎద్దులను కడగడానికి ఒక మనిషి వాడే నీళ్లు మా ఊళ్లో ఇంటిల్లిపాదికీ వారం వచ్చేవి. నా ఎదుట కూర్చున్న రైతు నా మొహం చూసి అడిగాడు.

“ఏ ఊరండీ పెద్దయ్యగారూ?”

చెప్పాను.

“ఓహో, మెట్టోళ్లా! నీళ్లు చూస్తుంటేనే దాహం తీరుతున్నట్టుందేంటి మీకు?”

పెట్టెలో అందరూ నవ్వారు. ఆయనే గంపలోంచి మామిడిపండు తీసి నా చేతిలో పెట్టాడు. మావైపు అపరిచితుడికి పండు ఇస్తే ముందు ఊరి సంగతులు, కులం, చుట్టరికాలు అన్నీ తేలాలి. ఇక్కడ ముందు పండు ఇస్తారు. మిగతావి రసం జుర్రుకుంటుండగా అడుగుతారు.

బస్సు ఆగని షెల్టరు

రేపల్లెలో రాత్రి సత్రంలో పడుకుని, మర్నాడు దిగువకు పోయే బస్సెక్కాను. షెల్టరు దగ్గర దింపమంటే కండక్టరు బుర్ర అడ్డంగా ఊపాడు.

“అక్కడ ఆగదు తాతగారూ. స్టాపు అవతల కల్లుపాక కాడ.”

“మరి షెల్టరు ఎవరికి?”

“మేకలకండి.”

నిజమే. లోపల మేకలు హాయిగా పడుకున్నాయి. ఊరికి దగ్గర్లో కడితే రోడ్డు మీద పోయేవాళ్లకు పేరు కనిపించదని, మలుపులో కట్టారట. కంపెనీ పేరు మాత్రం నా మోచెయ్యంత అక్షరాలతో ఉంది. ఎండలో నిలబడి ఆసాంతం చదివాను.

ఊరి పేరు రాయను. ఇప్పుడు చెప్పబోయే మనిషి కౌలుదారు. ఊరు తెలిస్తే ఆమెకే చిక్కు.

గట్టు మీద

షెల్టరు వెనక గట్టెక్కి చూస్తే, తెనాలిలో నేను చూసిన ఆ కాలువే కింద పారుతోంది. ఇక్కడ నీళ్లు తేటగా, కాస్త ఆకుపచ్చగా ఉన్నాయి. గట్టు దిగబోయి జారాను. కుడికాలి చెప్పు బురదలో కూరుకుపోయింది. చేతులు పెట్టి వెతికితే కాలువ ఇంకా లోపలికి లాక్కుంది.

కింద ఒక నడివయసు ఆవిడ నారుమడిలో కలుపు తీస్తోంది. కాలువ గట్టులో అమర్చిన మట్టి గొట్టంలోంచి నీళ్లు మడిలోకి పడుతున్నాయి. దాన్ని అక్కడ తూము అంటారు. నా చెప్పు సంగతి మరిచిపోయి కేకేశాను.

“అమ్మాయ్! మురుగునీళ్లు నారుకి పెడుతున్నావేంటి?”

ఆవిడ నడుం నిలబెట్టి నన్ను చూసి పకపకా నవ్వింది.

“ఇయ్యి మురుగునీళ్లు కావు తాతా. మురుగు కాలవ నీళ్లు.”

“రెండూ ఒకటి కాదూ?”

“ఏ ఊరు నీది? పైనోళ్ల పొలాల్లో మిగిలిన నీళ్లు దీంట్లోకి దిగుతయ్యి. ఆళ్లకక్కర్లేదు కాబట్టి మురుగు. పంట కాలవ మాదాకా వచ్చేసరికి ఎండిపోద్ది. అందుకని మాకు ఇదే పంట కాలవ. గొడ్లు తాగేదీ ఇదే, చేపలు పట్టేదీ ఇదే.”

నేను గట్టు మీద చతికిలబడ్డాను. మేనేజరు మోసగాడు కాడు. పట్నంలో పెరిగినవాడు మురుగు అన్న మాట విని డ్రైనేజీ అనుకున్నాడు. మెట్టలో పుట్టిన నేనూ అదే అనుకున్నాను. నివేదిక చదివిన వాటాదార్లంతా చుక్కయినా పంట కాలువలో వదలడం లేదు, మంచి కంపెనీ అనుకున్నారు. ఒక్క మాట తప్పుగా అర్థమైతే ఇన్ని ఊళ్లు కనిపించకుండా పోయాయి.

ఆవిడ పేరు సువార్తమ్మ. భర్త నిజాంపట్నం రేవులో కూలి చేస్తాడు. ఎకరన్నర కౌలుకు చేసేది ఆవిడే. ఫ్యాక్టరీ నీళ్లను ఈ ఊళ్లో ‘కషాయం’ అంటారు. తొలకరి ముదిరితే గుంటలు పొంగుతాయని, అంతకు ముందే ఒక్కసారిగా తలుపెత్తి వదులుతారట. సరిగ్గా నారుమళ్ల సమయం.

“పోయినేడు ఓ రాత్రి నిద్దరోయి లేచేసరికి మడి నిండా కషాయం. నారు పసుపుగా అయ్యి, మెత్తగా కుళ్లిపోయింది. పై ఊళ్లో నారు బతిమాలుకుని ఆలస్యంగా ఊడ్చాం. ఈ ఏడూ అట్టాగే అయితే పొలం ఇంకోళ్లకిస్తానని ఆసామి మొహం మీదే చెప్పాడు.”

“ఈ ఏడు వదిలారా?”

“ఇంకా లేదు. ఏ రాత్రి వదులుతారో ఎవరికి తెలుసు?”

మధ్యాహ్నం నన్ను ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. ఎండురొయ్యలు వేసిన గోంగూర. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టుకోబోతే “ఆగు తాతా” అని కళ్లు మూసుకుంది. వాళ్లది లూథరన్ కుటుంబం. ప్రార్థన కానిదే ముద్ద ఎత్తరు. ముద్ద చేతిలో పట్టుకుని నేనూ ఆగాను. అన్నానికి వందనాలు చెప్పింది, భర్తను కాపాడమంది, నారుమడిని కాపాడమంది, చివర్లో “ఈ తాత చెప్పు దొరికేట్టు చెయ్యి తండ్రీ” అంది. ఆమెన్ అనేదాకా నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

“ఆదివారం మీటింగులో అడుగుతానమ్మా. ఈ నీళ్ల సంగతంతా నివేదికలో అచ్చువేయాలని పట్టుబడతాను” అన్నాను.

“ఏసుకుంటే ఏసుకోమను. ఆ పుస్తకం ఏడాది తిరిగాక వస్తదిగా? అప్పటికి నా నారు ఏమయ్యుద్ది? వదిలే ముందు రోజు ఊళ్లో టముకు ఏయించమను. మడి నిండా మంచినీళ్లు పెట్టుకుని తూము మూసుకుంటా. నాలుగు రోజులకి కషాయం దానంతటదే సముద్రంలోకి పోద్ది.”

టముకు అంటే డప్పు కొట్టి ఊరంతా వినిపించేలా కబురు చెప్పడం. మావైపు చాటింపు అంటాం. ఇంతకాలంగా నివేదికలు చదువుతున్నాను. కబురు అందవలసినవాళ్లకు, అందవలసిన రోజున అందాలన్న సంగతి నాకు తట్టలేదు.

భర్త రబ్బరు చెప్పులు నా కాళ్లకు ఇచ్చింది. అవి నాకు రెండంగుళాలు పెద్దవి.

బాపట్ల దారి

శనివారం బస్సు చెరుకుపల్లి, పిట్టలవానిపాలెం మీదుగా సాగింది. పిట్టలవానిపాలెం దగ్గర టైరు పంక్చరైతే అందరం దిగి మునగచెట్టు కింద నిలబడ్డాం. ఒక పెద్దరైతు నా కథంతా విని, “మా గడ్డి కొనేది ఆ కంపెనీయే కదండీ. దాన్ని రచ్చకీడిస్తే మా గడ్డి ఏం చేసుకోవాలి? గొడ్లు అంత తినవు!” అన్నాడు. ఆయన మాటా నిజమే. ఫ్యాక్టరీ మూయమని నేను అనలేదని చెప్పాను. “అనకపోయినా అట్టాగే వినపడుద్దండి” అన్నాడు. ఆ హెచ్చరిక నాకు పనికొచ్చింది. సభలో ఏ మాట ముందు అనాలో అక్కడే నిశ్చయించుకున్నాను.

బాపట్ల చేరేసరికి నేల రంగు మారింది. తెల్లటి ఇసుక, జీడిమామిడి తోటలు. బజార్లో కాల్చిన జీడిపప్పు కాగితం పొట్లంలో కొనుక్కున్నాను. మా ఊళ్లో పెళ్లి పాయసంలో ఒక్క పలుకు కనిపిస్తే గొప్ప. ఇక్కడ గుప్పెట్లో పోసుకుని నమిలాను.

సమావేశం

హాల్లో వాటాదార్లు చాలామందే వచ్చారు. వచ్చినందుకు కారణం గుమ్మం పక్కన గుట్టగా పేర్చి ఉంది: లడ్డూ, కారబూందీ ప్యాకెట్లు. అవి కూడా కంపెనీ అట్టపెట్టెలే.

లెక్కలు చదివారు, చప్పట్లు కొట్టారు. నేను లేచాను. చైర్మన్ గారు పెద్ద భూస్వామి, మెత్తగా మాట్లాడే మనిషి.

“ఫ్యాక్టరీ నడవాలండి. గడ్డి కొనాలి, అట్టలు అమ్మాలి” అని మొదలుపెట్టాను. తర్వాత మురుగు కాలువ అన్న మాటకు దిగువ ఊళ్లలో అర్థమేమిటో చెప్పాను. మేనేజరు మొహం పాలిపోవడం దూరం నుంచి చూశాను. పాపం, ఆయన నిజంగానే ఎరగడు.

“బాగా చెప్పారు తాతగారూ. వచ్చే ఏటి నివేదికలో నీళ్ల సంగతి వివరంగా రాయిద్దాం. ఆ ఊరి పంచాయతీకి ఒక రేడియో కూడా ఇద్దాం” అన్నారు చైర్మన్ గారు.

చప్పట్లు.

“రేడియోలో ఈ కబురు రాదండి. గుంటలు తెరిచే ముందు రోజు దిగువ ఊళ్లలో కంపెనీ పేరున టముకు వేయించండి.”

హాలంతా గొల్లున నవ్వింది. చైర్మన్ గారి మెత్తదనం కాస్త తగ్గింది.

“టముకేంటండీ? వేలంపాటలకి, జప్తులకి వేసేది టముకు. కంపెనీ పేరు డప్పు మీద ఊరేగిస్తే మా పరువేం కావాలి?”

“షెల్టరు మీద మోచెయ్యంత అక్షరాలతో ఊరేగింది ఆ పేరేగదండీ! మేకలకు తెలిస్తే చాలా, మనుషులకు తెలియొద్దా?”

వెనక బెంచీలో ఒకాయన “ప్యాకెట్లు ఎప్పుడిస్తారండీ?” అని అడిగాడు. దాంతో సభ చెదిరే పనిలో పడింది. నేను కూర్చోలేదు.

“మేనేజరు గారూ, ఒక్క మాట. గుంటలు ఎప్పుడు తెరుస్తున్నారు?”

ఆయన చైర్మన్ వైపు చూశాడు, నావైపు చూశాడు. “రేపు పొద్దున్నేనండి” అన్నాడు.

“అదేమన్నా రహస్యమా?”

“రహస్యమేంటండీ!” అన్నారు చైర్మన్ గారు చిరాగ్గా. “మీరూ వాటాదారే కదా. వెళ్లి ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి!”

అందరూ నవ్వారు. నేను నమస్కారం పెట్టి, ప్యాకెట్టు తీసుకుని, బస్టాండుకు నడిచాను.

టముకు

మళ్లీ అదే బస్సు, అదే మలుపు, కల్లుపాక దగ్గర దిగడం. ఇంకా పొద్దు ఉంది. ఊళ్లో టముకు వేసే ఏసోబు చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. విషయం విని డప్పు తీశాడు గాని లేవలేదు.

“ఎవరు చెప్పమన్నారని చెప్పనండి?”

“సంగతి చెబితే చాలదా?”

“అట్టా కుదరదండి. మునసబు గారు చెప్పమన్నారనో, పంచాయతీ వారు చెప్పమన్నారనో మొదట పేరు రావాలి. పేరు లేని టముకు ఎవరు నమ్ముతారు? రేపు తేడా వస్తే తన్నేది నన్ను.”

అప్పుడు అర్థమైంది చైర్మన్ గారు ఎందుకు ఉలిక్కిపడ్డారో. టముకులో పేరు పెట్టినవాడు ఆ మాటకు పూచీ పడతాడు. షెల్టరు మీద రాసుకున్న పేరుకు అలాంటి పూచీ లేదు.

“కంపెనీ వారు చెప్పమన్నారని చెప్పు” అన్నాను.

ఏసోబు నా తల నుంచి కిందికి చూస్తూ రబ్బరు చెప్పుల దగ్గర ఆగాడు. “మీరు కంపెనీవారాండి?”

“అయిదు వాటాలు. చైర్మన్ గారు సభలో అందరి ముందూ చెప్పుకోమన్నారు.”

అతను లేచాడు. వీధి మొగలో డప్పు మీద దరువు పడింది.

“అట్టల కంపెనీవారు చెప్పమన్నారహో! రేపు పొద్దున కషాయం వదులుతున్నారహో! నారుమళ్లోళ్లు తూములు మూసుకోవాలహో! గొడ్లను కాలవలో దింపొద్దహో!”

జనం గడపల్లోకి వచ్చారు. ఒక ముసలామె “కంపెనీవోళ్లు చెప్పి వదులుతున్నారా! వాన కురుస్తదేమో చూడండే!” అంది. సువార్తమ్మ అప్పటికే పార తీసుకుని పరుగెత్తింది. ఆవిడ మడి నిండేదాకా నీళ్లు పెట్టుకుని, గడ్డి చుట్టిన బంకమట్టి ముద్దతో తూము బిగించేసరికి మునిమాపయింది. అటూ ఇటూ మళ్లవాళ్లు కూడా గట్టు మీదే ఉన్నారు.

మర్నాడు సాయంత్రానికి కషాయం వచ్చింది. మొదట నురగ, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత నలుపు. గట్టుకు ఇవతల మడి పచ్చగా, గట్టుకు అవతల కాలువ నల్లగా ఒక రోజంతా చూశాను. బుధవారం పొద్దున సువార్తమ్మ తూములో చెయ్యి పెట్టి చూసి, పొడిగా ఉందని చూపించింది.

“ఏంటి తాతా, వచ్చే ఏడూ నువ్వే బస్సెక్కి వచ్చి చెప్తావా?”

“కంపెనీయే చెబుతుందిలే అమ్మా.”

“చెప్పకపోతే?”

“నేనొస్తాను.”

“నీకెన్నేళ్లు?”

చెప్పాను. ఆవిడ ఈసారి నవ్వలేదు.

“అయితే ఆ వాటాల్లో ఒకటి నా పేరున రాయి. అడగాల్సింది నేనే అడుగుతా, ఏయించాల్సిన టముకు నేనే ఏయిస్తా.”

“ఆ నివేదికలు చదవడం కష్టమమ్మా.”

“బైబిలు చదివేదాన్ని. ఆళ్ల పుస్తకం అంతకంటే లావుంటదా?”

మళ్లీ తెనాలి

మధ్యాహ్నం రైలుకు ఇద్దరం వచ్చాం. ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది. కంపెనీ ఆఫీసులో గుమాస్తా వాటా బదిలీ కాగితం తీశాడు. నేను సంతకం పెట్టాను, ఆవిడ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పెట్టింది. లోపలి గది గుమ్మంలో మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

గుమాస్తా కాగితం పైనుంచి కిందికి చూసి నన్ను అడిగాడు.

“ఈవిడ మీకేమవుతారండి?”

నేను నోరు తెరిచేలోపే సువార్తమ్మ మేనేజరు వైపు తిరిగి జవాబు చెప్పింది.

“ఈయనకేం కానండి. మీకే అవుతాను. మీ కాలవకి దిగువనుంటాను.”